ఎరువుల దుకాణం మెట్టు మీద

ఇటువంటి వ్యాసాలు అరవై ఏళ్ళు నిండినవారు రాయడం ఆనవాయితీ. నాకు ముప్పై రెండు. అయినా విరమణ పొందినదాన్నని చెప్పుకునే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఉద్యోగాన్ని నేను వదలలేదు, అదే ముగిసిపోయింది. దమ్మపేట సంత వీధిలో, ఒకే ఒక్క గదిలో ఎనిమిదేళ్ళు నడిచిన మా అప్పుల సలహా కేంద్రం నిధులు ఆగిపోవడంతో ఈ వేసవిలో మూతపడింది. ఏన్కూరు వైపు ఇదే తరహా పనిలో చేరబోతున్న ఇద్దరు అమ్మాయిలు నా దగ్గరకు వచ్చి, "అక్కా, ఈ కొలువుల నిజంగ ఏం చెయ్యాలె? ట్రైనింగుల చెప్పంది చెప్పు" అని అడిగారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

మీ జీతం ఎంత, మీ పై అధికారులు ఎవరు, నివేదికలు ఎలా పంపాలి అన్నవి మీకు ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం నేనే చెప్పాలి.

నేను తెచ్చుకున్న సామాను

ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో నేను చర్చాపోటీలలో పాల్గొనేదాన్ని. ప్రతిపాదనకు అనుకూలంగానైనా, వ్యతిరేకంగానైనా నాలుగు నిమిషాలు తడబడకుండా మాట్లాడగలిగేదాన్ని. ఎదుటివారి వాదంలో ఎక్కడ బీట ఉందో వారు మూడో వాక్యానికి రాకముందే నాకు కనిపించేది. ఆ నేర్పుకు తోడు కొన్ని నమ్మకాలు కూడా ఉండేవి. మనిషి మరో మనిషి ముందు తలవంచకూడదని, అప్పు అనేది ఇద్దరు సమానుల మధ్య ఒప్పందమని, అప్పు తీసుకున్నంత మాత్రాన ఎవరూ తక్కువైపోరని. ఈ నమ్మకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని వాడే తీరు మారింది.

మా కేంద్రానికి బాధ్యులు సత్యంగారు. సత్తుపల్లి దగ్గరివారు, బ్యాంకు మేనేజరుగా విరమించి ఈ పనిలోకి వచ్చారు. నా మొదటి రోజునే ఆయన నాకు "లాయరమ్మ" అని పేరు పెట్టారు. మా పనికి ఒక పెద్ద కాగితం ఉండేది: ఎవరికి బాకీ, ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు. వచ్చినవారు బల్ల మీద కూర్చోగానే నేను కాగితం తీసేదాన్ని. సత్యంగారు ఆ కాగితం మీద తన చేయి పెట్టి, "పొద్దున ఏం వండారమ్మా?" అని అడిగేవారు.

ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది. "పప్పు" అన్నవారికి ఒక రకం సలహా, "రాత్రిదే ఉన్నది" అన్నవారికి ఒక రకం, జవాబు చెప్పకుండా తల దించుకున్నవారికి మరో రకం. మూడో రకం వారికి ఆయన అసలు కాగితమే తీయనిచ్చేవారు కాదు. ముందు టీ తెప్పించేవారు. నెల తిండికి, మందులకు, విత్తనాలకు పక్కన పెట్టిన తర్వాత మిగిలినదే అప్పులవారి మధ్య పంచాలని ఆయన లెక్క. బాకీదారు పస్తుండి కట్టిన కిస్తీ ఎక్కువ కాలం సాగదని తన బ్యాంకు రోజుల్లోనే గమనించానని చెప్పేవారు. అదే రోజుల్లో, మార్చి నెల టార్గెట్ కోసం, అడగనివారికి కూడా అప్పులు అంటగట్టానని కూడా చెప్పేవారు. అందుకే ఆయన మాట నేను నమ్మాను.

ఒకసారి వేంసూరు నుంచి ఒక చిన్న ఉద్యోగి వచ్చాడు. సెల్‌ఫోను యాప్‌లలో ఏడు అప్పులు, ఒకటి తీర్చడానికి మరొకటి. హెల్మెట్ తీయకుండానే కూర్చున్నాడు, ఎవరైనా గుర్తుపడతారేమోనని. నేను వడ్డీల లెక్క వేస్తుంటే సత్యంగారు ఒక్కటే అడిగారు: "ఇంట్లో తెలుసా?" తెలియదు. భార్యను తీసుకురావడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఆమె వచ్చి, మొత్తం విని, అతని భుజం మీద గట్టిగా ఒకటి కొట్టింది.

"గిదా సంగతి? నెల సంది మాట్లాడకుంటే ఇంకెవతో ఉన్నదనుకొని ఏడుస్తున్న గదయ్యా!"

ఆ రోజు వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ వెళ్ళారు, ఏడు అప్పులూ అలాగే ఉండగా. రెండేళ్ళలో తీర్చారు.

జోగమ్మ

జోగమ్మది అడవి అంచున ఉన్న కోయగూడెం. అప్పటికి యాభై ఏళ్ళు ఉంటాయి. భర్త పోయి నాలుగేళ్ళు. అత్తగారు, తాను, రెండెకరాల పట్టా భూమి, ఒక జత ఎడ్లు. ఎడ్లలో ఒకటి ఎర్రోడు, ఒకటి మచ్చోడు. గూడెం చుట్టూ ఉన్న ఏటవాలు మెట్ట చెలకల్లోకి ట్రాక్టరు రాదు కనుక తొలకరి పడగానే ఆమె ఎడ్లకు గిరాకీ. తన పొలం దున్నుకుని, పది ఇళ్ళవారికి కిరాయికి దున్నిపెట్టేది. ఆ ఎడ్లే ఆమె బతుకు.

అత్తగారి ఆపరేషన్ కోసం ఆమె మహిళల గ్రూపు ద్వారా ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకుంది. వారం వారం కిస్తీ. ఆ ఏడే మొదటిసారిగా మిర్చి వేసింది. దానికి విత్తనం, ఎరువు, పురుగుమందు మొత్తం దమ్మపేటలో కోటయ్య దుకాణంలో ఖాతా మీద తెచ్చింది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. పంట వచ్చాక ఇవ్వాలి. కాగితం మీద తాకట్టు ఏమీ లేదు, ఎడ్ల మీద నోటిమాట.

ఆమె మా దగ్గరకు వచ్చింది సలహా కోసం కాదు. సంత రోజున ఎండకు మా వరండాలో నిలబడింది, నేను లోపలికి పిలిచాను. మాటల్లో ఒక సంగతి బయటపడింది. ఆమె ప్రతి సంతకూ కోటయ్య దుకాణానికి వెళ్ళి, బయటి మెట్టు మీద కాసేపు కూర్చుని వస్తుంది. ఏమీ కొనదు, ఏమీ కట్టదు. ఆయన తీరిక దొరికినప్పుడు ఇటు చూసి "ఏం జోగమ్మా" అంటాడు. ఆమె తోట ఎలా ఉందో చెప్పి లేచి వస్తుంది. ఆమె ఒక్కతే కాదు, అక్కడ ఖాతా ఉన్న గూడేలవారంతా అంతే.

నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు పోతున్నావు?" అని అడిగాను.

"మనిషి కనపడాలె గద బిడ్డా."

"నువ్వు కనపడితే వడ్డీ తగ్గుతుందా?"

"తగ్గది."

"కనపడకపోతే పెరుగుతుందా?"

"పెరగది."

"పంట వచ్చేదాకా నువ్వు ఇవ్వవలసిన పని లేదు. ఆయన అడగవలసిన పని లేదు. అవునా?"

"అవ్."

"మరి ఆయన మెట్టు మీద ఎందుకు కూర్చోవాలి? ఆయన నీ దగ్గర లాభం తీసుకునే వ్యాపారి. నువ్వు ఆయన ఖాతాదారువి. ఖాతాదారు ఎక్కడైనా వాకిట్లో పడిగాపులు పడుతుందా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీతోని మాట్లాడి ఎవలు గెలుస్తరు బిడ్డా!"

ఆ మాటను నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. తర్వాతి సంత నుంచి ఆమె వెళ్ళడం మానేసింది. దుకాణం ముందు నుంచి నడవవలసి వస్తే తల అవతలికి తిప్పుకుని వెళ్ళేదట. ఈ సంగతి నాకు గర్వంగా చెప్పింది, నేను గర్వంగా విన్నాను. ఆ రోజుల్లో సత్యంగారు ఊళ్ళో లేరు. ఉన్నా నేను ఆయనను అడిగి ఉండేదాన్ని కాదు.

ఎడ్లు

ఆ ఏడు మిర్చి తోటలకు పట్టిన ముడత మీకు గుర్తుండే ఉంటుంది. పూతలోకి పురుగు చేరింది, ఆకు దోనెలాగా మడతపడింది, మందు మీద మందు కొట్టినా కాయ నిలవలేదు. జోగమ్మ రెండెకరాల్లో ఏరిన కాయ కూలీలకు కూడా సరిపోలేదు. వారం కిస్తీలు మాత్రం ఆపలేదు, నేను ఆపవద్దన్నాను కనుక. తునికాకు కోసి, కట్టలు కట్టి, ఆ డబ్బు అటు పోసింది. కోటయ్యకు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. చెప్పడానికి ఆమె వెళ్ళలేదు. నేను పంపలేదు.

మే నెలలో, సంతకు ముందు రోజు, కోటయ్య గుమాస్తా ఇద్దరు మనుషులతో గూడేనికి వెళ్ళి ఎడ్లను విప్పుకుని వచ్చేశాడు.

మర్నాడు జోగమ్మ వచ్చి మా బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏం జరిగిందో అంతా వరసగా చెప్పింది. వాళ్ళు తాళ్ళు విప్పుతుంటే తాను అడ్డం పోలేదట. "ఎర్రోన్ని ఎడమ దిక్కు కట్టున్రి, లేకుంటే వాడు నడవడు" అని చెప్పి పంపిందట.

"తొలకరి ఇంకెన్ని రోజులున్నది బిడ్డా?" అని అడిగింది.

"మూడు వారాలు ఉండొచ్చు."

"అవ్. నేను గదే అనుకున్న." కొంగు సర్దుకుని, "నువ్వు చెప్పినట్టే చేసిన" అంది.

నిందించడానికి అన్న మాట కాదు. చెప్పిన పని సరిగ్గా చేశానా లేదా అని బడిపిల్ల టీచరును చూసినట్టు నా ముఖంలోకి చూస్తూ అంది. ఎనిమిదేళ్ళలో నేను విన్న మాటలన్నిటిలో ఇంత బరువైనది మరొకటి లేదు.

నేను వెంటనే కాగితం తీసుకుని నాలుగు అంశాలు రాశాను. రాతపూర్వకమైన తాకట్టు లేదు. కోర్టు ఉత్తర్వు లేదు. మగదిక్కు లేని ఇంటికి ముగ్గురు మగవాళ్ళు వెళ్ళడం బెదిరింపు. వడ్డీ అన్యాయం. పోలీసు స్టేషనుకు పోతే సాయంత్రానికి ఎడ్లు వస్తాయి. సత్యంగారు కాగితం చదివి తిరిగి ఇచ్చారు.

"నాలుగూ కరెక్టే, లాయరమ్మా. సాయంత్రానికి ఎడ్లు వస్తాయి. విత్తనాలు వస్తాయా?"

నేను మళ్ళీ కాగితం చూసుకున్నాను.

"జూన్‌లో ఈవిడకు ఖాతా మీద సంచి విత్తనం ఎవరిస్తారు? ఈ ఊళ్ళో దుకాణాలన్నీ ఒకరికొకరు చుట్టాలే. స్టేషను దాకా పోయే హక్కు ఆవిడకు ఉంది. పోవాలో వద్దో కూడా ఆవిడే చెప్పాలి. అడిగావా?"

అడగలేదు. అప్పుడు అడిగాను.

"టేషనుకాడికి వద్దు బిడ్డా. సేటు కాడికే పోదాం. నువ్వు గూడ తోడు రా" అంది జోగమ్మ.

మేము బయలుదేరుతుంటే సత్యంగారు నన్ను గుమ్మం దగ్గర ఆపారు. "గెలిచి రావద్దు. ఎడ్లను తోలుకుని రండి."

మెట్టు

సంత రోజు కనుక దుకాణం కిటకిటలాడుతోంది. జోగమ్మ నేరుగా వెళ్ళి తన పాత చోట, మెట్టు మీద కూర్చుంది. నేను నిలబడ్డాను. కాసేపటికి ఆమె నా చేయి పట్టి కిందికి లాగింది. కూర్చున్నాను. వచ్చేపోయేవారి చెప్పులు మా మోకాళ్ళకు తగులుతున్నాయి. దుకాణం వెనుక కొట్టంలో నుంచి గంట శబ్దం వచ్చింది. జోగమ్మ తల ఎత్తి, "మచ్చోడు" అంది.

గంటసేపు కోటయ్య మమ్మల్ని చూడనట్టే ఉన్నాడు. గిరాకీ పలచబడ్డాక గల్లాపెట్టె దగ్గర నుంచే అన్నాడు: "ఏం జోగమ్మా, దారి తప్పి వచ్చావా?"

"తప్పలే సేటూ. తప్పిన దారి ఇడిసిపెట్టి వచ్చిన."

"తొమ్మిది నెలలు! సంతకు వస్తావు, ఇటు చూడకుండా పోతావు. ముప్పై ఏళ్ళ నుంచి ఈ షాపులో కూర్చున్నాను. ఎగ్గొట్టేవాళ్ళు ముందు రావడం మానేస్తారు. తర్వాత కాయ ఇంకొకడికి అమ్ముకుంటారు. నేనేమనుకోవాలి?"

నా సంచిలో నాలుగు అంశాల కాగితం ఉంది. తీయలేదు. "ఆమెను రావద్దన్నది నేను" అన్నాను.

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. "మీరా? ఎందుకమ్మా?"

"మీ మెట్టు మీద కూర్చోవడం అవమానమని అనుకున్నాను."

కోటయ్య కోపగించుకుంటాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నేను నెలకోసారి ఖమ్మం వెళ్ళి, నాకు సరుకు అరువిచ్చే హోల్‌సేలు షాపు ముందు స్టూలు మీద కూర్చుంటానమ్మా. ఆయన అడగడు, నేను ఇవ్వను. మా ఏరియాలో తోటలు ఎలా ఉన్నాయో చెబుతాను. ఫలానా వాళ్ళకి పోయింది, ఫలానా వాళ్ళు నిలబడతారు, ఇంకో పంట ఆగండి అని. వీళ్ళు వచ్చి చెబితేనే గదా నేను అక్కడ చెప్పగలిగేది? జోగమ్మ గురించి అడిగితే ఏం చెప్పమంటారు? తెలియదనేగా!"

ఈ వాదంలో బీట ఎక్కడుందో నాకు కనిపించింది. కానీ దాన్ని గొంతు తగ్గించి చెప్పడం ఆ రోజే మొదటిసారి. "తెలియనప్పుడు ఒకసారి గూడేనికి వెళ్ళి తోట చూడవలసింది, కోటయ్యగారూ. మనుషుల్ని పంపే ముందు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, "చూడాల్సింది" అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "అయినా నీ ఎడ్లు ఏంటమ్మా జోగమ్మా, ఒక్క రాత్రిలోనే నా గడ్డివాము సగం తినేశాయి!" అన్నాడు.

"అవి నాకంటే మంచిగ తింటయి సేటూ. గట్లనే పెంచిన."

టీ వచ్చింది. మూడు గ్లాసులు. జోగమ్మ గ్లాసు కింద పెట్టి, తన లెక్క తాను చెప్పింది: ఈ తొలకరికి కిరాయి దున్నకం డబ్బులో సగం తెచ్చి ఇస్తానని, మిర్చి జోలికి పోనని, జొన్న, పత్తి వేస్తానని, విత్తనం ఇక్కడే తీసుకుంటానని. వాటిలో ఒక్క మాటా నేను నేర్పింది కాదు. కోటయ్య విన్నాడు. వడ్డీ తగ్గించమని నేను అడిగితే ఒప్పుకోలేదు, ఆ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఎడ్లను మాత్రం తానే విప్పి తెచ్చాడు. ఎర్రోడిని ఎడమ వైపే పట్టుకున్నాడు.

బాకీ తీరడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాత మా కాగితం

మా కాగితంలో ఆ వారమే మరో గడి గీశాం: "చెప్పి వచ్చారా?" కిస్తీ తప్పిపోతుందని తెలిసిన రోజునే, గడువు దాటకముందే, బ్యాంకుకైనా గ్రూపుకైనా దుకాణానికైనా మనిషి వెళ్ళి చెప్పాలి. పోయి అడుక్కోవాలని నేను అనడం లేదు. పంట పోయిందని, ఎంత ఇవ్వగలమో, ఎప్పటికో చెప్పాలి. బ్యాంకులో అయితే కాగితం మీద రాసి, ముద్ర వేయించుకుని రావాలి. ఒంటరిగా వెళ్ళలేనివారికి తోడు వెళ్ళడమే మీ ఉద్యోగంలో పెద్ద భాగం. తోడు వెళ్ళినప్పుడు ఎక్కువ మాట్లాడకండి.

అందరి దగ్గరకూ వెళ్ళమని కూడా చెప్పకండి. యాప్ అప్పులవారికి ముఖం లేదు, మెట్టు లేదు. ఫోనులో బూతులు తిట్టేవారికి మన సంజాయిషీ అక్కర లేదు. అక్కడికి ఫిర్యాదు కాగితమే వెళ్ళాలి, నా నాలుగు అంశాల వంటిది. వాదించడం నేర్చుకున్నందుకు నేను చింతించడం లేదు. ఎవరి బతుకును పణంగా పెట్టి వాదిస్తున్నానో ముందు వారిని అడగాలని నేర్చుకోవడానికి ఒక జత ఎడ్లు పోయి రావలసి వచ్చింది, అంతే.

చివరి రోజు

కేంద్రం మూసే రోజు సత్యంగారు ఆరోగ్యం బాగాలేక రాలేదు. జోగమ్మ వచ్చింది. సంత రోజు కూడా కాదు. "సామాను ఎవలు మోస్తరు?" అని పుస్తకాల పెట్టె నెత్తికెత్తుకుంది. నేను కుర్చీ పట్టుకున్నాను. ఇద్దరం నా గదికి నడిచాం.

మా వీధి మలుపులో నేను పక్క సందులోకి తిరిగాను. ఆమె ఆగింది.

"ముందట వాకిలి ఉండంగ ఎనుకకెళ్ళి ఎందుకు బిడ్డా?"

"ఇటు దగ్గర" అన్నాను.

ఆమె సందును చూసింది, వాకిలిని చూసింది, నన్ను చూసింది. దగ్గర కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"ఎన్ని నెలలు?"

"రెండు" అన్నాను. ఆఖరి మూడు నెలల జీతం మాకు రాలేదు. రెండు నెలల కిరాయి బాకీ. ఇంటి ఓనరు ఒక రిటైర్డ్ టీచరమ్మ, మంచి మనిషి. అందుకే ఆమె కంటపడలేక రెండు నెలలుగా వెనుక తలుపు నుంచి తిరుగుతున్నాను. ప్రతి మనిషికీ "చెప్పి వచ్చారా?" అని అడిగిన నేను.

జోగమ్మ పెట్టెను నెత్తి మీద సర్దుకుని ముందు వైపు నడిచింది. గేటు తీసి, పెట్టెను పక్కన దించి, టీచరమ్మ మెట్టు మీద కూర్చుంది. పక్కన చేత్తో తట్టింది.

"కూసో. నేనేం మాట్లాడ. తోడుంట."

కూర్చున్నాను. లోపల టీవీ శబ్దం ఆగింది. చెప్పుల చప్పుడు దగ్గరైంది. తలుపు తెరుచుకుంది. నేను లేచి నిలబడి, తల ఎత్తి, ఇన్నేళ్ళుగా ఇతరులకు నేర్పిన వాక్యాన్ని మొదటిసారి నా కోసం పలికాను.

"ఈ నెల కూడా ఇవ్వలేనండి. చెప్పిపోదామని వచ్చాను."